ల్యాండ్‌స్కేప్ ఫొటోలో ఎక్కడ కొయ్యాలి, ఎంత దిద్దాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి బెంగళూరులో మారతహళ్లి బ్రిడ్జి దగ్గర కలుసుకుని, రెండు కార్లలో నందికో సావనదుర్గకో హెసరఘట్టకో బయల్దేరే తెలుగువాళ్ల గుంపు మాది. తిరుగుదారిలో ఇడ్లీ ప్లేటు ముందుకు రాకముందే ఫోన్లు బయటికొస్తాయి. "అన్నా, దీన్ని ఎక్కడ కట్ చేయమంటావ్?" ఏళ్లుగా మనుషులు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారడం లేదు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ అనుమానం ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి.

## కోతకు ముందు

అక్కడ నిలబడి చూస్తే అద్భుతంగా ఉంది, ఫొటోలో చప్పగా ఉంది. ఎడిటింగ్‌తో ఆ అందం వస్తుందా?

కన్ను తనకు కావాల్సిందే చూస్తుంది. లెన్సు ఎదురుగా ఉన్నదంతా పట్టుకొస్తుంది. నంది కొండ మీద, 1,478 మీటర్ల ఎత్తున, చలికి చేతులు రుద్దుకుంటూ మీరు చూసింది లోయలో పొగమంచు ఒక్కటే. ఫొటోలో మాత్రం ఇనుప రెయిలింగు, ఎవరిదో సెల్ఫీ స్టిక్కు, సగం ఖాళీ ఆకాశం కూడా ఉన్నాయి. ఆ చలీ గాలీ మాత్రం రాలేదు.

ఎడిటింగ్ యాప్ తెరవకముందే ఒక ప్రశ్న వేసుకోండి: "నేను ఏం చూసి ఆగాను?" జవాబు ఒక్క వాక్యంలో, కంటికి కనిపించే వస్తువు పేరుతో రావాలి. "మంచులోంచి రెండు కొండ కొనలు తేలుతున్నాయి" అంటే సరే, ఏం ఉంచాలో, ఏం కొయ్యాలో తేలిపోయింది. "అంతా బాగుంది" అనేది జవాబు కాదు. అలాంటి ఫొటోని ఎన్ని రకాలుగా కోసినా కుదరదు. చూసి ఆగిన వస్తువు అసలు ఫ్రేములోనే లేకపోతే, మళ్లీ వెళ్లి రావడమే.

రెండొందల ఫొటోలు తీశాను. ఏ ఒక్కదాని మీద టైము పెట్టాలి?

అన్నిటినీ తపాలా బిళ్లంత సైజులో పెట్టి చూడండి. ఆ సైజులో ఆకు ఈనెలు, రాతి గరుకు ఏవీ కనిపించవు, పెద్ద ఆకారాలూ వెలుగునీడలూ మాత్రమే మిగులుతాయి. అప్పుడు కూడా కన్ను ఒక చోట నిలిచిందంటే ఆ ఫొటోలో సత్తువ ఉంది. అనుమానంగా ఉంటే తలకిందులు చేసి చూడండి. కొండ కొండలా, చెట్టు చెట్టులా కనిపించడం మానేసి బరువులుగా కనిపిస్తాయి. ఏ పక్క ఒరిగిందో ఇట్టే తెలిసిపోతుంది.

ఫోన్ తీసిన జేపెగ్ సరిపోతుందా, రా ఫైల్ తప్పనిసరా?

జేపెగ్ అంటే ఫోను తనే దిద్ది, కుదించి దాచే ఫైలు. రా అంటే కెమెరా పట్టిన వెలుగు దిద్దకుండా ఉన్నదున్నట్టు ఉండే ఫైలు. క్రాప్, అంటే అంచులు కొయ్యడం ఒక్కటే చేసేటట్టయితే జేపెగ్ చాలు. వెలుగును గట్టిగా మార్చాలంటే రా ఉండాలి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 14 బిట్ రా ఫైల్లో 16,384. ఆకాశం లాంటి నున్నని చోట జేపెగ్‌ని లాగితే ఆ మెట్లు చారలు చారలుగా బయటపడతాయి. ఇంకో మాట: జేపెగ్‌ని తెరిచి, మార్చి, దాని మీదే సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. అసలు ఫైల్ని ముట్టుకోకుండా కాపీ మీద పని చేయండి.

## క్రాప్ చేసేటప్పుడు

మొదటి కోత ఎక్కడ మొదలుపెట్టాలి?

అంచుల దగ్గర. చాలామంది మధ్యలోని వస్తువును చూస్తూ దాని చుట్టూ పెట్టె బిగిస్తారు. నేను పొలం గట్టు మీద నడిచినట్టు నాలుగు అంచుల వెంటా కన్ను నడిపిస్తాను. మూల నుంచి దూరిన సగం కొమ్మ, కారు బానెట్ మీద తళుకు, తెల్లటి ప్లాస్టిక్ కవరు, ఎవరిదో మోచెయ్యి. అంచున ఉన్న ఏ చిన్న తెల్లమచ్చైనా చూసేవాడి కన్నును బయటికి లాక్కెళ్లిపోతుంది. వీటిని కోశాక మిగిలిన ఫొటో చాలాసార్లు దానంతట అదే కుదురుకుంటుంది. కోస్తే అసలు విషయం కూడా పోయేలా ఉంటేనే మిగతా ఉపాయాలు.

ఒక పాత పద్ధతి చెబుతాను. తెలుగిళ్లలో శుభలేఖలకు కొదవ లేదు కదా, దళసరి అట్టవి రెండు తీసుకుని వడ్రంగి మూలమట్టం ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించండి. ఒకదాని మీద ఒకటి తిరగేసి పెడితే మధ్యలో కిటికీ వస్తుంది. దాన్ని ప్రింటు మీద పెట్టి జరుపుతూ చూడండి. డార్క్‌రూమ్ రోజుల్లో క్రాప్ ఇలాగే నిర్ణయించేవారు. యాప్‌లో వేలితో గీకితే అర సెకనులో అయిపోయే పని అట్టముక్కలతో అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషంలోనే "ఇంకొంచెం కొయ్యొచ్చు, అయ్యో ఇక్కడ వద్దు" అనేది తడుతుంది. మా ఇంట్లో ఆ ముక్కలు ఫ్రిజ్ మీద ఉంటాయి. ఎవరి పెళ్లివని అడిగితే మా ఆవిడకు కోపం.

ఫొటో వంకరగా ఉంది. సరిచేస్తే మూలలు పోతున్నాయి. ఎలా?

కొంత పోవడం తప్పదు. వెడల్పు, ఎత్తు 3:2 పాళ్లలో ఉన్న ఫొటోని రెండు డిగ్రీలు తిప్పి అదే ఆకారంలో ఉంచితే దాదాపు పదో వంతు విస్తీర్ణం పోతుంది. ఐదు డిగ్రీలైతే ఐదో వంతు. అందుకే తీసేటప్పుడే చుట్టూ కాస్త వదులు ఉంచండి. పోయిన మూల ఉత్త ఆకాశమో గడ్డో అయితే స్నాప్‌సీడ్ అనే ఫోన్ యాప్‌లోని 'ఎక్స్‌పాండ్' లాంటి పనిముట్టుతో నింపొచ్చు.

అంతకన్నా పెద్ద పొరపాటు ఏ గీతను ఆధారంగా తీసుకోవాలన్న దగ్గర జరుగుతుంది. హలసూరు చెరువు దగ్గర తీసిన ఫొటోల్లో అవతలి గట్టును చూసి సరిచేస్తారు. ఆ గట్టు మనకు ఏటవాలుగా దూరమవుతూ పోతుంటే ఫొటోలో కూడా అది ఏటవాలుగానే ఉండాలి. దాన్ని బలవంతంగా అడ్డంగా చేస్తే చెరువు ఒలికిపోతున్నట్టుంటుంది. నీళ్లున్న ఫొటోలో నమ్మాల్సింది ప్రతిబింబాన్ని. గట్టు మీది దీపపు స్తంభం తల, నీళ్లలో కనిపించే దాని తల, ఈ రెండూ ఒకే నిలువు గీత మీద ఉండాలి. అలా వచ్చేదాకా తిప్పితే చాలు. నీళ్లు లేని కొండవాలులో అయితే నిటారుగా ఉండే భవనమో స్తంభమో వెతుక్కోండి. చెట్లను నమ్మకండి, వాటి ఇష్టం వాటిది.

రూల్ ఆఫ్ థర్డ్స్ గళ్ల మీదే పెట్టాను, అయినా బాలేదు. ఎందుకు?

ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి చూడమనే ఆ నియమానికి ఆ పేరు పెట్టి 1797లో రాసినవాడు జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు. ఆయన మాట్లాడింది ముఖ్యంగా పాళ్ల గురించి. ఆకాశానికీ నేలకూ సగం సగం పంచకుండా, ఒకదానికి మూడో వంతు, ఇంకోదానికి మిగతాది ఇమ్మన్నాడు. మన యాప్‌లలో గళ్ల గీతలు కలిసే నాలుగు చుక్కల మీద వస్తువును కూర్చోబెట్టే అలవాటు ఆ మాటకు బాగా కుదించిన రూపం.

పంపకం ఎలాగన్నది ఫొటోని బట్టి ఉంటుంది. హెసరఘట్ట గడ్డిమైదానంలో వానమబ్బు కమ్ముకొస్తుంటే నేలకు ఐదో వంతు చాలు, మిగతాదంతా మబ్బుకే ఇచ్చేయండి. మబ్బు లేని రోజున ఆకాశం ఒక పట్టీలా ఉంటే చాలు. నిశ్చలమైన నీళ్లలో కొండ ప్రతిబింబం ఉంటే గీతను నిక్షేపంగా మధ్యలో పెట్టండి, అక్కడ సగం సగమే అందం.

గళ్ల కన్నా నాకు పనికొచ్చింది పార్కులోని సీ-సా, అదే రెండు చివర్లా కూర్చుని ఊగే బల్ల. తండ్రి మధ్యకు జరిగి కూర్చుంటాడు, పిల్లాడు ఆ చివర కూర్చుంటాడు, బల్ల నిలబడుతుంది. ఫొటోలో కూడా పెద్ద బండరాయి మధ్యకు దగ్గరగా ఉంటే, అంచుకు దగ్గరగా ఒక చిన్న ఒంటరి చెట్టు దాన్ని నిలబెట్టగలదు. క్రాప్ పెట్టెను కొద్దికొద్దిగా పక్కకు జరిపి చూడండి. ఆ చెట్టు కోసుకుపోయిన క్షణంలో ఫొటో ఒక పక్కకు పడిపోవడం కనిపిస్తుంది.

అడ్డం, నిలువు, చదరం. ఏది ఎంచుకోవాలి?

అడ్డంగా పరుచుకున్న కొండల వరసకు 16:9, ఇంకా సన్నగా 2:1 కూడా బాగుంటుంది. పై నుంచి కిందికి దూకే జలపాతానికి, దగ్గర నుంచి దూరానికి వెళ్లే బాటకు నిలువు 4:5. చుట్టూ ఖాళీ, మధ్యలో ఒకే చెట్టు అయితే చదరం. ఇన్‌స్టాకు ఏది పెద్దగా కనిపిస్తుందన్నది తర్వాత సంగతి. కొండల వరసను నిలువుగా కోసి మధ్య కొండను మాత్రం పెడితే అది వరస కాదు, పాస్‌పోర్ట్ ఫొటో.

ఎంతవరకు క్రాప్ చేయొచ్చు? క్వాలిటీ పోదా?

లెక్క చూద్దాం. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫొటో 6000 × 4000. పొడవు, వెడల్పు రెండూ సగం చేస్తే 3000 × 2000, అంటే 6 మెగాపిక్సెళ్లు. సగం కోశాననుకుంటాం గానీ నాలుగింట మూడొంతులు పోయింది. అయినా అంగుళానికి 300 చుక్కల చొప్పున పది అంగుళాల వెడల్పు ప్రింటు వస్తుంది, ఫోన్ తెరకైతే మిగులు. అదే కోత 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫొటోకు పెడితే 3 మెగాపిక్సెళ్లే మిగులుతాయి, ఆరున్నర అంగుళాల ప్రింటు దాటకపోవడం మంచిది.

పిక్సెళ్ల కన్నా ముందు చెడేవి వేరే. చెయ్యి వణుకు, తప్పిన ఫోకస్, చీకట్లో వచ్చే నాయిస్ (రంగు గింజలు), ఇవన్నీ కోసి పెద్దది చేసిన కొద్దీ పెరుగుతాయి. ఇంకోటి, క్రాప్ చేస్తే మీరు ముందుకు నడిచినట్టు కాదు. ముందున్న పొదకూ వెనకున్న కొండకూ మధ్య పొంతన నిలబడ్డ చోటే ఖాయమైపోయింది. పొద కొండను సగం కప్పేస్తుంటే ఏ కోతా దాన్ని పక్కకు జరపదు. దానికి రెండడుగులు నడవాల్సింది.

"క్రాప్ చేయడం చేతకానివాళ్ల పని" అంటారు మా సీనియర్. నిజమా?

ఆ పట్టుదలకు పెద్ద పేరు ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియె-బ్రెసాన్. ఆయనకు క్రాప్ అంటే పడేది కాదు. కానీ పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక ఒక మనిషి నీటిగుంట మీదుగా దూకుతున్న ఆయన ప్రసిద్ధమైన 1932 ఫొటో క్రాప్ చేసిందే. కంచె సందులోంచి తీయడం వల్ల ఒక పక్క చెక్క అడ్డొచ్చింది, కోయక తప్పలేదు. మీ సీనియర్‌తో వాదించకండి. తీసేటప్పుడు క్రాప్ అనేదే లేనట్టు తీయండి, ఇంటికొచ్చాక ఉన్నట్టు చూడండి.

ఫ్రేములో ఎవరో మనిషి ఉన్నాడు. ఉంచాలా, కొయ్యాలా?

సావనదుర్గ ఎంత పెద్ద బండో ఫొటోలో చూసినవాడికి ఎలా తెలుస్తుంది? దాని మీద చీమలా ఎక్కుతున్న ఒక మనిషి ఉంటేనే తెలుస్తుంది. అలాంటి మనిషి దొరికితే అదృష్టం, అతనికి నడిచేందుకు ముందు చోటు వదిలి కొయ్యండి. మనిషి పెద్దగా ఉండి కెమెరా వైపు చూస్తుంటే అది అతని ఫొటో అయిపోతుంది, కొండ తెర అయిపోతుంది. అప్పుడు కొయ్యడమే.

## వెలుగు, రంగు

ఎడిటింగ్ అంటే రంగులు కదా? దానికీ కంపోజిషన్‌కూ (ఫ్రేములో ఏది ఎక్కడ ఉండాలన్న అమరికకూ) సంబంధం ఏంటి?

నా దృష్టిలో అసలు సంబంధం ఇక్కడే ఉంది. కన్ను ముందుగా వెళ్లేది వెలుగున్న చోటికి, నలుపు తెలుపు ఒరుసుకునే చోటికి, స్పష్టంగా ఉన్న చోటికి, ఎరుపు పసుపు రంగులకు, ముఖాలకు, అక్షరాలకు. వీటిని మారిస్తే కన్ను నడిచే దారి మారుతుంది. అంచున ఉన్న తెల్లరాయిని కొయ్యలేకపోతే కాస్త చీకటి చేస్తే చాలు, కోసినంత పని అవుతుంది. కత్తెర పెట్టకుండా చేసే క్రాప్ అన్నమాట.

అమెరికన్ ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుణ్ని తీశాడు. ఒకే నెగెటివ్, దశాబ్దాల పాటు ప్రింట్లు వేస్తూనే ఉన్నాడు. తొలి ప్రింట్లలో ఆకాశంలో పలచటి మబ్బులు కనిపిస్తాయి. తర్వాతి వాటిలో ఆకాశాన్ని ముదరబెడుతూ పోయాడు, చివరికి చంద్రుడి చుట్టూ దాదాపు నలుపే మిగిలింది. ఫ్రేము అదే, కన్ను పడే చోటు మారింది.

ఇంట్లో చేసే తీరు: లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ యాప్‌లో అయితే అంచు నుంచి లోపలికి ఒక లీనియర్ గ్రేడియంట్ (మెల్లగా పలచబడే పట్టీ) లాగి ఎక్స్‌పోజర్‌ని, అంటే వెలుగును 0.3 నుంచి 0.5 దాకా తగ్గించండి. మీరు చూసి ఆగిన వస్తువు మీద రేడియల్ మాస్క్ (ఆ గుండ్రటి చోటును మాత్రమే మార్చేది) పెట్టి అంతే పెంచండి. స్నాప్‌సీడ్‌లో ఇదే పనికి 'సెలెక్టివ్' ఉంది, వేలు పెట్టిన చోట మాత్రమే మారుతుంది. తర్వాత ఆన్, ఆఫ్ చేసి చూడండి. దిద్దిన సంగతి పైకి తెలిసిపోతోందంటే సగానికి తగ్గించండి.

ఆకాశం తెల్లగా కాలిపోయింది. రక్షించే దారి ఉందా?

మూడు రంగులూ చివరి మెట్టుకు చేరిపోయి ఉంటే అక్కడ సమాచారం లేదు. బాగా వెలుగున్న చోట్లను తగ్గించే హైలైట్ స్లైడర్ లాగితే తెలుపు బూడిదవుతుంది, మబ్బు రాదు. ఆకాశాన్ని వీలైనంత కోసేయండి. సన్నటి తెల్ల పట్టీ కూడా వద్దు, పూర్తిగా కోసి కొండవాలుతోనే ఫ్రేము నింపితే ఇంకా మంచిది. చెట్ల ఆకారాలు బాగుంటే నలుపు తెలుపు చేసి చూడండి, అందులో తెల్ల ఆకాశం కాగితంలా కలిసిపోతుంది.

రెడీమేడ్ ఆకాశం అతికించడం నాకు నచ్చదు. నచ్చినా నీడలు పట్టిస్తాయి. చెట్ల నీడలు మిట్టమధ్యాహ్నానివి, ఆకాశం సూర్యాస్తమయానిది. ఎక్కడో తేడా ఉందని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

పొగమంచు ఫొటోకి డీహేజ్ పెడితే మురికిగా తయారవుతోంది. ఏం తప్పు చేస్తున్నాను?

డీహేజ్ అనేది ఫొటోలోని మసకను తగ్గించే పనిముట్టు. మంచు కోసం వెళ్లి మంచునే తుడిచేస్తున్నారు. దూరం పోయే కొద్దీ మధ్యలో గాలి పెరుగుతుంది, అది వెలుగును చెదరగొడుతుంది, అందుకే దూరపు కొండ పాలిపోయి నీలంగా ఉంటుంది. ఒకదాని వెనక ఒకటిగా లేతబడుతూ పోయే ఆ పొరలే ఫొటోకు లోతు. డీహేజ్ మొత్తానికి పెడితే వెనక కొండా ముందు కొండా ఒకే గోడకు అతికించినట్టవుతాయి. కొండ అంచుల వెంట తెల్లటి గీత, ఆకాశంలో గింజలు అదనం.

ముందున్న రాళ్ల మీద, పొదల మీద మాత్రమే మాస్క్ వేసి డీహేజ్ 10, 15 ఇవ్వండి. దూరాన్ని వదిలేయండి. నేను కొన్నిసార్లు దూరపు పొరకు మైనస్ 5 కూడా ఇస్తాను. దగ్గర స్పష్టత, దూరాన లేతదనం, వీటి మధ్య తేడా పెరిగిన కొద్దీ లోయ లోతవుతుంది.

పచ్చదనం ప్లాస్టిక్ లాగా వస్తోంది.

అన్ని రంగుల గాఢతనూ ఒకేసారి మార్చే శాచురేషన్ వదిలేసి, ఆకుపచ్చ ఒక్కదాన్నే పట్టుకుని కాస్త పసుపు వైపు తిప్పి, గాఢత తగ్గించండి. ఫిబ్రవరిలో బెంగళూరు రోడ్ల పక్కన గులాబీ టబెబుయా పూసినప్పుడు అందరూ గులాబీని పెంచుతారు. నేను చుట్టూ ఉన్న ఆకుపచ్చను తగ్గిస్తాను. గులాబీ దానంతట అదే పైకి లేస్తుంది, పూవు పూవులా ఉంటుంది.

## తీసేయడం, చేర్చడం

కరెంటు తీగలు, సెల్ టవర్లు, చెత్త తీసేయొచ్చా?

గాలికి కొట్టుకొచ్చిన కవరు, ఎవరో పడేసిన సీసా రేపు అక్కడ ఉండవు. అవి తీసేస్తే ఎవరికీ నష్టం లేదు. టవరూ తీగా ఆ చోటులో భాగం, వాటి విషయంలో నేను తటపటాయిస్తాను. పోటీకి పంపేదైతే ముందు నిబంధనలు చదవండి. ప్రకృతి ఫొటోల పోటీలు చాలావాటిలో క్రాప్‌కు, వెలుగు దిద్దడానికి అభ్యంతరం ఉండదు గానీ వస్తువులను తీసేయడం, చేర్చడం కుదరదు. అసలు రా ఫైల్ అడుగుతారు కూడా.

లాల్‌బాగ్ బండ మీద నుంచి తీసిన ఫొటోల్లో వెనక అపార్ట్‌మెంట్లు పడ్డాయని చాలామంది బాధపడతారు. ఆ బండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. దాని మీద కెంపేగౌడ గోపురం, దాని వెనక నిన్నగాక మొన్న లేచిన భవనాలు. నేనైతే ముగ్గురినీ ఒకే ఫ్రేములో ఉంచుతాను. భవనాలు తీసేస్తే అది బెంగళూరు కాదు, క్యాలెండరు.

తీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకసారి చెరువు గట్టు మీది స్తంభాన్ని గంటసేపు కూర్చుని శుభ్రంగా తుడిచేశాను. గర్వంగా చూపిస్తే మా గుంపులో ఒక కుర్రాడు "అన్నా, నీళ్లలో స్తంభం ఉంది, గట్టు మీద లేదేంటి?" అన్నాడు. వస్తువుతో పాటు దాని నీడనూ, ప్రతిబింబాన్నీ వెతికి తీసేయాలి.

ఏఐతో ఫ్రేము చుట్టూ చోటు పెంచుకోవచ్చా?

తిప్పినప్పుడు పోయిన చిన్న మూల నింపుకోవడానికి వాడతాను. అంతకు మించి పెంచితే లేని గుట్ట పుడుతుంది. ఆ ఊరివాడు చూస్తే ఒక్క నిమిషంలో పట్టుకుంటాడు.

## పంపడం, ప్రింటు

ఇంత కష్టపడి ఎడిట్ చేసి వాట్సాప్‌లో పంపితే మసకబారుతోంది.

ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఎగుమతి చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీ (ఫోన్లూ తెరలూ మామూలుగా వాడే రంగుల పద్ధతి) ఎంచుకోండి, లేకపోతే అవతలి ఫోన్లో పాలిపోయినట్టు కనిపించవచ్చు.

ప్రింట్ షాపులో పక్కలు కోసేశారు. తప్పు ఎవరిది?

తరచుగా మనదే. ఫోన్ ఫొటో 4:3, కాగితం 6 × 4 అంటే 3:2. కాగితం నిండేలా వేస్తే ఎత్తులో తొమ్మిదో వంతు పోతుంది. కెమెరా ఫొటోని 10 × 8 మీద వేస్తే పొడవులో ఆరో వంతు పోతుంది. నా హార్స్‌లీ హిల్స్ ఫొటో ఒకటి ఇలాగే పోయింది. కుడి చివర ఒంటరి చెట్టు కోసమే ఆ ఫొటో. ప్రింటులో చెట్టు లేదు, మిగతా కొండంతా ఉంది. షాపతను మాత్రం "సార్, మెయిన్ కొండ వచ్చింది కదా" అన్నాడు.

అందుకని కాగితం కొలత ముందు అడిగి, ఆ పాళ్లలో మీరే క్రాప్ చేసి ఇవ్వండి. కొయ్యడానికి మనసొప్పకపోతే తెల్ల అంచు వదిలి మొత్తం వేయమనండి. ఫ్రేము కట్టిస్తుంటే చెక్క లోపలి అంచు చుట్టూ కొన్ని మిల్లీమీటర్లు కప్పేస్తుంది, ముఖ్యమైనదేదీ చివరకు ఆనుకుని ఉండకుండా చూసుకోండి. తెర వెనక వెలుగుంటుంది, కాగితం వెనక ఉండదు, కాబట్టి ప్రింటు కాస్త ముదురుగానే వస్తుంది. ముందు ఒక చిన్న ప్రింటు వేయించి, ఇంట్లో అది వేలాడే గోడ దగ్గరే, ఆ గదిలో రాత్రి వేసుకునే లైటు కింద పెట్టి చూసి, తర్వాత పెద్దది వేయించండి.